పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి నమ్మకమైన పెల్లెట్: బెంగళూరులో నా అనుభవం

“అన్నా, ఏ పెల్లెట్ కొనాలి?” రేంజ్‌లో కొత్తగా చేరిన తెలుగు పిల్లలు ముందుగా అడిగేది ఇదే. పెల్లెట్ అంటే ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న సీసపు గుండు. ఒక బ్రాండ్ పేరు చెప్పి పంపేయొచ్చు. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ మ్యాచ్, చైనా వాళ్ళ క్యూవైఎస్, వీటిలో ఏది చెప్పినా తప్పేమీ కాదు. చిక్కల్లా ఏమిటంటే, అదే బ్రాండ్, అదే సైజు, లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మారితే చాలు, అదే పిస్టల్‌లో వేరే పెల్లెట్ అయిపోతుంది. అందుకే నేను బ్రాండ్ వెతకను, లాట్ వెతుకుతాను. దొరికిన లాట్‌లో కొన్ని డబ్బాలు మ్యాచ్‌లకని పక్కన పెట్టేసుకుంటాను. ఆ వెతకడం ఎలాగో, అందులో ఏ పని దండగో రాస్తున్నాను.

ముందు ఎంత కచ్చితత్వం కావాలో లెక్క వేసుకోవాలి. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది రింగు వ్యాసం 11.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతకు తగిలినా పై పాయింటే ఇస్తారు కాబట్టి, పెల్లెట్ మధ్యబిందువు టార్గెట్ కేంద్రానికి 8 మి.మీ. దూరం వరకూ ఎటు పడినా పదే. రైఫిల్‌లో పది అంటే 0.5 మి.మీ. చుక్క. అక్కడ ఇదే లెక్క 2.5 మి.మీ.కి వస్తుంది. పైగా రైఫిల్ క్వాలిఫికేషన్‌లో (ఫైనల్‌కి ముందు దశలో) దశాంశాలతో లెక్కిస్తారు, 0.1 పాయింటు అంటే పావు మిల్లీమీటరు. పిస్టల్ క్వాలిఫికేషన్‌లో దశాంశాలు లేవు. ఫైనల్‌లో ఉన్నా 0.1 పాయింటు 0.8 మి.మీ.తో సమానం. రైఫిల్ వాళ్ళు పెల్లెట్ల గురించి చెప్పుకునేదంతా పిస్టల్ వాళ్ళు యథాతథంగా నెత్తినెత్తుకోనక్కర్లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకో లెక్క. షూటర్ చెయ్యి వల్ల వచ్చే చెదురు, పెల్లెట్ వల్ల వచ్చే చెదురు నేరుగా కూడవు. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీయాలి. ఒకరి చేతి గ్రూప్, అంటే కొట్టిన షాట్లన్నీ పడిన గుంపు వెడల్పు, 40 మి.మీ. అనుకుందాం. 3.5 మి.మీ. గ్రూప్ ఇచ్చే పెల్లెట్ వాడితే మొత్తం 40.15 అవుతుంది, 6 మి.మీ. ఇచ్చే చవక పెల్లెట్ వాడితే 40.45. తేడా మూడు పదోవంతుల మిల్లీమీటరు. చెయ్యి బాగా కుదిరి 16 మి.మీ. గ్రూప్ కొట్టేవాళ్ళకైనా 16.4కీ 17.1కీ ఉన్నంత తేడానే. అదే 5 మి.మీ. గ్రూప్ కొట్టే రైఫిల్ షూటర్‌కి 6.1 కాస్తా 7.8 అయిపోతుంది, మ్యాచ్ పోతుంది. కాబట్టి మొదటి ఏడాది పిస్టల్ కుర్రాడికి ఖరీదైన పెల్లెట్ కొనిపెట్టే తల్లిదండ్రులు ఆ డబ్బుతో లేన్ అద్దె కట్టి ఇంకో గంట ప్రాక్టీస్ చేయిస్తే మేలని నా అభిప్రాయం.

మరి పిస్టల్‌కి పరీక్ష ఎందుకూ అంటారా? సగటు గ్రూప్ కోసం కాదు. అన్నీ బాగా పడుతూ ఉన్నట్టుండి ఒకటి తొమ్మిదిలోకో ఎనిమిదిలోకో ఎగిరిపోతుందే, ఆ ఫ్లయర్ కోసం. అది పెల్లెట్ తప్పని తెలియక షూటర్ తన ట్రిగ్గర్ వేలిని తిట్టుకుంటాడు, బాగున్న టెక్నిక్‌ని మార్చేస్తాడు. ఫ్లయర్లు లేని లాట్ చేతిలో ఉంటే తప్పు ఎక్కడుందో అనుమానం ఉండదు.

బరువు తూచడం చాలామందికి పిచ్చి. మిల్లీగ్రాము వరకూ చూపించే తూకం కొని, ఒక్కో పెల్లెట్ తూచి, కాగితపు పొట్లాల్లో వేరుచేసేవాళ్ళున్నారు. పిస్టల్‌కి అది వృథా. లెక్క చూడండి: 0.45 గ్రాముల పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళ్తే పది మీటర్లు దాటడానికి సుమారు 0.067 సెకన్లు పడుతుంది, ఆలోగా గురుత్వాకర్షణ వల్ల సుమారు 22 మి.మీ. కిందికి దిగుతుంది. బరువులో ఒక శాతం తేడా ఉంటే, అంటే 4.5 మిల్లీగ్రాములు, వేగంలో తేడా అర శాతం. దాంతో దిగుడులో తేడా 0.2 మి.మీ. మంచి డబ్బాలో పెల్లెట్ల మధ్య తేడా అంతకు మించదు. వేగమే సెకనుకు 2 మీటర్లు అటూ ఇటూ అయినా టార్గెట్ మీద తేడా 0.6 మి.మీ. దగ్గరే ఆగుతుంది. ఎనిమిదిలోకి ఎగిరిన షాట్‌ని ఈ లెక్కలేవీ సమర్థించలేవు. అలాగే బెంగళూరు 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, గాలి పలచన, చెన్నైలో మ్యాచ్ అంటే సైట్ మార్చాలా అని అడుగుతుంటారు. పది మీటర్ల దూరంలో ఆ తేడా పట్టించుకోదగ్గది కాదు.

ఫ్లయర్‌కి అసలు కారణం దాదాపు ఎప్పుడూ స్కర్ట్. పెల్లెట్ నడుము సన్నం, వెనక భాగం బోలు. ఆ బోలు అంచే స్కర్ట్, పలచటి సీసపు రేకు. గాలి ఒత్తిడికి అది విచ్చుకుని బ్యారెల్ గాడుల్ని పట్టుకోవాలి. అంచు ఒకవైపు నొక్కుకుపోయి ఉంటే గాలి అటునుంచి జారిపోతుంది, పెల్లెట్ బ్యారెల్ మూతి దాటేటప్పుడు ఒక పక్కకు తోపు తింటుంది, అక్కణ్ణుంచి ఊగుతూ వెళ్తుంది. స్కర్ట్ లోపల అతుక్కున్న సీసపు తునక, తల అంచు మీద మిగిలిన అచ్చు పొర కూడా ఇదే పని చేస్తాయి.

అందుకే కొనేటప్పుడే రెండు జాగ్రత్తలు. డబ్బు కట్టేముందు డబ్బా అడుగున లాట్ నంబరు, సైజు కనబడేలా ఫోటో పంపమంటాను. “అన్నీ ఒకటే సార్” అనే దుకాణదారు దగ్గర మ్యాచ్ పెల్లెట్ కొనను. రెండోది ప్యాకింగ్. 500 పెల్లెట్లు వదులుగా ఉన్న రేకు డబ్బా కొరియర్‌లో ఎత్తి పడేసుకుంటూ వస్తే లోపల అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉంటాయి. మూత కింద స్పాంజి ముక్క గట్టిగా అదిమి ఉందా, డబ్బా ఊపితే గలగలలాడుతోందా అని చూస్తాను. గలగలమంటే అది ప్రాక్టీస్‌కే. ఒక్కో పెల్లెట్‌కి విడి గుంట ఉన్న ట్రేలలో వచ్చేవి ఈ బాధ లేనివి, కాకపోతే ఖరీదెక్కువ.

సైజు గురించి ఒక మాట. తల వ్యాసం 4.48, 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద ఉంటుంది. ఒక కంపెనీ 4.50, ఇంకో కంపెనీ 4.50 ఒకటే కావు. బ్రీచ్‌లో (బ్యారెల్ వెనక పెల్లెట్ పెట్టే చోట) పెట్టి బొటనవేలితో నొక్కితే స్వల్పమైన ప్రతిఘటనతో కూర్చోవాలి. జారిపడిపోయినా, బలంగా తోస్తేగానీ వెళ్ళకపోయినా ఆ సైజు మన బ్యారెల్‌ది కాదు. ఆ రెండూ కాకపోతే 0.01 మి.మీ. కోసం తలబద్దలు కొట్టుకోను, పిస్టల్‌లో సైజు తేడా కన్నా లాట్ తేడానే ఎక్కువగా బయటపడుతుంది.

పరీక్షకు నాలుగు రకాలు చాలు. ఒక్కరే నాలుగు డబ్బాలు కొననక్కర్లేదు. రేంజ్‌లో తలా ఒక డబ్బా తెచ్చి యాభై యాభై పంచుకుంటే అందరికీ పని జరుగుతుంది. తెల్ల కాగితం మీద పెల్లెట్లు పరిచి, నగల పనివాళ్ళు వాడే పదింతల భూతద్దంతో స్కర్ట్ అంచు చూస్తాను. చిక్‌పేట వైపు ఆ సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది. కొంచెం ఏటవాలుగా పెట్టిన గాజుపలక మీద దొర్లిస్తే, తల కన్నా స్కర్ట్ వెడల్పు కాబట్టి మంచి పెల్లెట్ సాఫీగా వంపు తిరుగుతుంది, నొక్కుపడ్డది కుంటుతూ ఆగుతుంది. కుంటినవి పారేయను, వేరే చిన్న డబ్బాలో వేస్తాను. వాటి ఉపయోగం తర్వాత చెప్తాను.

ఇక అసలు పని, పిస్టల్‌ని బిగించడం. చేత్తో కొట్టి పెల్లెట్‌ని పరీక్షించలేం. చేతి చెదురులో పెల్లెట్ చెదురు మునిగిపోతుందని పై లెక్కే చెప్తోంది. ఎస్పీ రోడ్‌లో హార్డ్‌వేర్ కొట్లలో దొరికే మామూలు బెంచ్ వైస్ సరిపోతుంది, కానీ అది బిగించిన బల్ల కదలకూడదు. లేన్‌లో ఉండే తేలిక బల్ల పనికిరాదు. దాని కింది అడ్డకమ్మీ మీద ఇసుక బస్తాలు వేస్తే కొంతవరకు నిలబడుతుంది. వైస్ దవడలకు మందపాటి తోలు ముక్కలు. గ్రిప్ ఊడదీసి ఫ్రేమ్ చదునుగా ఉన్న చోట పట్టించాలి. బ్యారెల్‌ని గానీ గాలి నింపే సిలిండర్‌ని గానీ పట్టించకూడదు. బ్యారెల్‌ని నొక్కితే దాని దిశే మారుతుంది. సిలిండర్ ఒత్తిడిని బట్టి పిసరంత ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, దాన్ని పట్టుకుంటే షాట్ షాట్‌కీ పిస్టల్ జరుగుతుంది. ఫ్రేమ్ అల్యూమినియం కాబట్టి బలం చూపించి బిగిస్తే ట్రిగ్గర్ భాగాలు పట్టేస్తాయి. కదలకుండా ఉండేంతే బిగించి, కాకింగ్ లీవర్ (పిస్టల్‌ని షాట్‌కి సిద్ధం చేసే మీట) పదిసార్లు తెరిచి మూసి, సైట్‌లోంచి చూస్తే ముందు కనబడిన గుర్తే కనబడాలి. కనబడకపోతే మళ్ళీ మొదటికి. పెల్లెట్ పెట్టేటప్పుడు మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉంటుందని ఏమరుపాటు వద్దు. కార్డు మార్చడానికి ఎవరైనా లేన్‌లోకి వెళ్తే బ్రీచ్ తెరిచి, పిస్టల్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాల్సిందే.

గాలి సంగతి. సిలిండర్ నిండుగా 200 బార్ ఒత్తిడి. షాట్ షాట్‌కీ ఒకే ఒత్తిడి అందించే రెగ్యులేటర్ లోపల ఉన్నా పరీక్షప్పుడు గేజ్ ముల్లు 100 దగ్గరకు రాగానే మళ్ళీ నింపేస్తాను. కాసేపు వాడకుండా ఉంచితే రెగ్యులేటర్ నుంచి ఒత్తిడి మెల్లగా పైకి పాకి మొదటి షాట్ వేగంగా పోతుంది. అందుకే ప్రతి గ్రూప్ ముందు రెండు మూడు షాట్లు పక్క కార్డు మీద కొట్టేస్తాను. చేతి పంపుతో నింపేవాళ్ళు వానాకాలంలో తేమ ఫిల్టర్ చూసుకోవాలి, చెన్నైలో అయితే ఏడాదంతా. ఓ-రింగులకు (గాలి కారకుండా ఆపే రబ్బరు చుట్లకు) సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు నూనె అధిక పీడన గాలిలో మండే ప్రమాదం ఉంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో నిండు సిలిండర్ వదిలేస్తే, 25 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది 60 డిగ్రీలకు 223 అవుతుంది.

బ్యారెల్‌ని ఫెల్ట్ ముక్కలతో శుభ్రం చేసిన వెంటనే పరీక్ష పెట్టకూడదు. మొదటి పది ఇరవై షాట్లు చెదురుతాయి. ఒక కంపెనీ పెల్లెట్ నుంచి ఇంకోదానికి మారినప్పుడూ అంతే, ముందుదాని పూత బ్యారెల్‌లో ఉంటుంది. కొత్తది పదైనా కొట్టాకే లెక్క మొదలుపెట్టాలి.

వరస కూడా ముఖ్యమే. మొదటి రకం గ్రూప్‌లన్నీ, తర్వాత రెండో రకం అన్నీ అని కొడితే మధ్యలో ఎండ పెరుగుతుంది, వైస్ వదులవుతుంది, ఆ నష్టమంతా చివర కొట్టిన రకానికి అంటుకుంటుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ నాలుగు, మూడు, రెండు, ఒకటి అని వెనక్కి రావాలి. కార్డు వెనక నంబరు మాత్రమే రాసి, కొలిచే పని ఇంకొకరికి ఇస్తాను. ఖరీదైన డబ్బా గ్రూప్‌ని మన కళ్ళు చిన్నదిగానే చూస్తాయి.

ఐదు షాట్ల గ్రూప్‌తో తీర్పు చెప్పడం చాలా చోట్ల అలవాటు. ఫ్లయర్ దొరకాలంటే అది చాలదు. నేను పది షాట్ల గ్రూప్‌లు, రకానికి కనీసం మూడు కొడతాను. పది షాట్ల గ్రూప్ ఐదు షాట్లదానికన్నా సగటున దాదాపు నాలుగో వంతు పెద్దది వస్తుంది, అది పెల్లెట్ తప్పు కాదు. కాబట్టి పిస్టల్‌తో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఐదు షాట్ల కార్డుతో దీన్ని పోల్చి దిగులు పడొద్దు.

కార్డు కాగితం బిరుసుగా ఉండాలి. నోటుబుక్ కాగితం చిరుగుతుంది, రంధ్రం అంచు తెలీదు. అసలు టార్గెట్ కార్డులు ఖర్చనుకుంటే అవెన్యూ రోడ్‌లో దళసరి కార్డు కొని కోయించుకోవచ్చు. ప్రతి కార్డు మూలన ఒక్క షాట్ విడిగా కొడతాను. కాగితం పీచు వెనక్కి ముడుచుకుంటుంది కాబట్టి రంధ్రం 4.5 మి.మీ. కన్నా కాస్త తక్కువే ఉంటుంది. ఆ ఒంటి రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలిచి, గ్రూప్ బయటి అంచుల కొలతలోంచి దాన్ని తీసేస్తే మధ్యబిందువుల దూరం వస్తుంది. బయటి అంచుల మధ్య 8 మి.మీ. లోపల పది షాట్లూ ఉంటే పిస్టల్‌కి అది మంచి లాట్. 9, 10 వచ్చినా గ్రూప్ గుండ్రంగా ఉంటే ప్రాక్టీస్‌కి నిశ్చింతగా వాడతాను. 7 మి.మీ.లో తొమ్మిది పడి, ఒకటి 6 మి.మీ. అవతల పడిన లాట్‌ని మాత్రం, అది రెండో గ్రూప్‌లోనూ జరిగితే, మ్యాచ్‌కి తీసుకోను.

గ్రూప్ ఆకారం కొలత కన్నా ఎక్కువ చెప్తుంది. గుండ్రంగా ఉంటే అది పెల్లెట్ గుణమే. నిలువుగా సాగితే సిలిండర్ గాలి సంగతి చూడాలి, క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంటే అప్పుడే బయటికి తీయాలి. వరసగా వేగం దిగుతూ పోతుంటే సిలిండర్ అడుగంటింది, పైకీ కిందికీ గెంతుతుంటే రెగ్యులేటర్. అడ్డంగా సాగితే లీవర్ మూసేటప్పుడు పిస్టల్ పక్కకు నెట్టుకుపోతోంది. రెండు గుంపులుగా విడిపోతే వైస్ జారింది, ఆ కార్డు చించేసి మళ్ళీ కొట్టాలి, దాన్ని ఏ రకం ఖాతాలోనూ రాయకూడదు.

ఇందాక పక్కన పెట్టిన కుంటి పెల్లెట్లు ఇప్పుడు పనికొస్తాయి. అదే బిగింపులో వాటిని ఒక కార్డు మీద కొడితే నొక్కుపడ్డ స్కర్ట్ ఎంత దూరం తోస్తుందో మన పిస్టల్‌లోనే కనబడుతుంది. ఆ కార్డు కొత్తవాళ్ళకు చూపిస్తే, రాలిపడిన పెల్లెట్ తీసి తుడిచి మళ్ళీ బ్రీచ్‌లో పెట్టే అలవాటు పోతుంది. గచ్చు మీద పడిన పెల్లెట్ ఇక ఎవరికీ వద్దు.

లాట్ తేలాక ఎన్ని కొనాలి? రోజుకు వంద చొప్పున వారానికి ఐదు రోజులు కొట్టేవాళ్ళకు వారానికో డబ్బా అయిపోతుంది. అన్నీ మ్యాచ్ లాటే కావాలంటే జేబు తట్టుకోదు. మ్యాచ్ అంటే 60 షాట్లు, సైటర్లు (సైట్ సరిచూసుకోవడానికి ముందు కొట్టే షాట్లు) కలిపి 80 వేసుకున్నా నాలుగు డబ్బాల 2,000 పెల్లెట్లు పాతిక మ్యాచ్‌లకు వస్తాయి. పరీక్ష అయిన వారంలోపే అదే లాట్ నంబరుతో నాలుగు డబ్బాలు తెప్పించేసుకుంటాను, ఆలస్యం చేస్తే ఆ లాట్ అయిపోయి కొత్తది వస్తుంది. మిగతాదంతా చవక పెల్లెట్‌తో కొట్టుకోవచ్చు. మ్యాచ్‌కి వారం ముందు మాత్రం మ్యాచ్ లాట్‌కి మారి, తగిలే చోటు సైట్ మరలో ఎన్ని క్లిక్కులు జరిగిందో చూసి డబ్బా మూత మీదే రాసుకోవాలి.

దాచడంలో ఎక్కువమందికి తెలియనిది ఒకటుంది. సీసానికి తేమ ఒక్కటే శత్రువు కాదు, చెక్క కూడా. చెక్క నుంచీ ప్లైవుడ్ నుంచీ వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం మీద తెల్లటి పొడి కడుతుంది. మూసి ఉంచిన చెక్క బీరువా కన్నా ఇనప బీరువా నయం. డబ్బా మూతకు చుట్టూ టేపు, లోపల సిలికా జెల్ పొట్లం. తెల్లపొడి కట్టిన డబ్బాను కడిగి వాడే ప్రయత్నం చేయొద్దు, ఆ పొడి విషం. మ్యాచ్ పెల్లెట్లను మామూలుగానూ కడగను, కంపెనీ పూసిన పలచటి పూత పోతుంది. చేతులు మాత్రం రేంజ్ నుంచి బయటికి రాగానే సబ్బుతో, చన్నీళ్ళతో కడగాలి, టిఫిన్ డబ్బా తెరిచేది ఆ తర్వాతే. పెల్లెట్లు పెదాల మధ్య పట్టుకునే పిల్లలు ఇప్పటికీ కనబడతారు, అక్కడికక్కడే ఆపించాలి. టార్గెట్ వెనక రాలిన సీసాన్ని పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి అందరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తీయాలి.

రైల్లో చెన్నైకో తిరుపతికో మ్యాచ్‌కి వెళ్ళేవాళ్ళకు: 4.5 మి.మీ. బోరు దాటకుండా, 20 జౌల్స్ శక్తి మించకుండా ఉండే ఎయిర్ పిస్టల్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. 0.45 గ్రాముల పెల్లెట్ సెకనుకు 155 మీటర్లు వెళ్తే వచ్చేది 5.4 జౌల్సే. అయినా పెట్టెలో బిల్లు నకలు, క్లబ్ కార్డు, మ్యాచ్ ఎంట్రీ కాగితం పెట్టుకోండి. పెల్లెట్ డబ్బాలు మాత్రం చేతి సంచిలో, బట్టల మధ్య, గలగలలాడకుండా.